పావు వంతు అంటే ఎందులో పావు?

సంపాదకులకు,

సర్పంచులను, మున్సిపల్ చైర్మన్లను దించే హక్కు ఓటర్లకే ఇవ్వాలనేవారు తరచూ తైవాన్ పేరు ఎత్తుతుంటారు. అక్కడి కావ్‌షుంగ్ నగర మేయర్‌ను జనం ఇంటికి పంపారని చెప్పి ఊరుకుంటారు. లెక్క మాత్రం చెప్పరు. రేపు మన దగ్గర చట్టం రాయాల్సి వస్తే కావలసింది ఆ లెక్కే.

ఆ మేయర్ హాన్ కువో-యు. 1990లో తైపే కౌంటీ కౌన్సిలర్‌గా మొదలుపెట్టి, 1993 నుంచి 2002 దాకా పార్లమెంటులో ఉన్నారు. తర్వాత చాలాకాలం ఎవరికీ పట్టలేదు. 2013 నుంచి 2017 వరకు తైపేలో కూరగాయల టోకు మార్కెట్లు నడిపే కంపెనీకి జనరల్ మేనేజర్. అలాంటి మనిషి 2018 నవంబరు 24న, ఇరవై ఏళ్లుగా ఎదుటి పార్టీ చేతిలో ఉన్న కావ్‌షుంగ్‌ను 8,92,545 ఓట్లు తెచ్చుకుని గెలుచుకున్నారు. డిసెంబరు 25న ప్రమాణం చేశారు. ఆరు నెలలు తిరక్కముందే దేశాధ్యక్ష పదవి వైపు చూశారు, అక్టోబరులో సెలవు పెట్టి ప్రచారానికి వెళ్లారు. ఊరికి అదే మంట. 2020 జనవరి 11న ఓడి వచ్చేసరికి రీకాల్ (ఓటర్లే ఓటేసి పదవి నుంచి దించడం) కోరే కాగితాలు ఎన్నికల సంఘం బల్ల మీదికి చేరిపోయాయి.

పదవిలో ఏడాది నిండకుండా ఎవరినీ కదపకూడదన్నది అక్కడి నియమం. ఏడాది నిండిన మర్నాడే, 2019 డిసెంబరు 26న, కాగితాలు ఇచ్చారు. మొదటి దశకు ఓటర్లలో ఒక శాతం, అంటే 22,814 సంతకాలు. రెండో దశకు పది శాతం, 2,28,134. మొదటి దశలో సంతకం పెట్టినవారు రెండోసారి పెడితే చెల్లదు, కొత్తవాళ్లు కావాలి. పేరు, గుర్తింపు సంఖ్య, రిజిస్టరైన ఇంటి చిరునామా తప్పనిసరి. ఉద్యోగం కోసం వేరే ఊళ్లో ఉంటూ అక్కడి చిరునామా రాస్తే ఆ సంతకం పోయినట్టే. అందుకే ఇలాంటి పనుల్లో కావలసినదానికంటే ఎప్పుడూ బాగా ఎక్కువ పోగేస్తారు. ఏడాది నిండకముందే సంతకాలు సేకరించారని హాన్ కోర్టుకు వెళ్లినా ఆపలేకపోయారు.

మూడో దశ పోలింగు. 2016 చివర్లో చట్టం మార్చేదాకా సగం మంది ఓటుకు వస్తేనే ఫలితం చెల్లేది. ఆ తర్వాత షరతులు రెండే: ‘దించాలి’ ఓట్లు ‘వద్దు’ కంటే ఎక్కువ ఉండాలి, అవి జాబితాలోని మొత్తం ఓటర్లలో పావు వంతుకు తగ్గకూడదు. 22,99,981 మందిలో పావు వంతంటే 5,74,996.

ఇక్కడే ఉంది తిరకాసు. పావు వంతు లెక్కించేది వచ్చిన ఓట్లలో కాదు, మొత్తం జాబితాలో. కాబట్టి ఇంట్లో కూర్చున్న ఓటరు కూడా మేయర్‌కు సాయం చేసినట్టే. హాన్ తన వాళ్లను ఓటుకు వెళ్లవద్దనే చెప్పారు. 2020 జూన్ 6న దించాలని 9,39,090 మంది, వద్దని 25,051 మందే ఓటేశారు. గెలిపించిన ఓట్లకంటే దించిన ఓట్లే ఎక్కువ! అక్కడ ఒక్కో బ్యాలెట్‌ను పైకెత్తి చూపిస్తూ, గోడమీది కాగితంపై ఐదు గీతల చైనా అక్షరం ఒకటి రాస్తూ లెక్కిస్తారు. అంత పారదర్శకమే, కానీ హాన్ వాళ్లు ఇంట్లోనే ఉండటంతో ఆ రోజు బూత్ వైపు నడిచినవాడు ఎటు ఓటేస్తాడో వీధంతటికీ తెలిసిపోయింది. రహస్య ఓటింగుకు ఇది గండి అని నా అభిప్రాయం. 2025లో హాన్ పార్టీ ఎంపీలు 31 మందిపై రీకాల్ వస్తే, ఈసారి వాళ్ల వాళ్లు ఇంట్లో కూర్చోకుండా వెళ్లి ‘వద్దు’ అని ఓటేశారు. ఒక్క రీకాలూ నెగ్గలేదు. ఆ పార్లమెంటుకు స్పీకర్ ఎవరనుకున్నారు? ఇదే హాన్! రీకాల్‌లో దిగిపోయినవారు మళ్లీ పోటీ చేయకుండా ఉండే నాలుగేళ్ల నిషేధం మేయర్ పదవికే, ఆ ఊరికే. 2024 ఫిబ్రవరి 1న స్పీకర్ అయిపోయారు.

మన చైర్మన్లపై అవిశ్వాసం పెట్టేది కౌన్సిలర్లు, సర్పంచ్‌ను తొలగించే అధికారం కలెక్టర్‌ది. దాన్ని ఓటరుకు ఇవ్వాలనుకుంటే ముందు జాబితా సంగతి చూడాలి. తైవాన్‌లో ఓటరు జాబితా ఇంటి రిజిస్ట్రేషన్ నుంచే తయారవుతుంది, ఎవరూ వెళ్లి పేరు చేర్పించుకోనక్కర్లేదు. మన జాబితాల్లో చనిపోయినవారు, ఊరు విడిచినవారు, రెండుచోట్ల ఉన్నవారు కలిసే ఉంటారు. ఆ జాబితాలో పావు వంతు అని రాస్తే, లేని మనుషులంతా పదవిలో ఉన్నవాడి ఖాతాలో పడతారు.

– ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం