హైస్కూలు ఆటగాళ్లూ ఆదర్శమే

సంపాదకులకు నమస్కారం.

విద్యార్థులకు ఆదర్శం అనగానే మన పత్రికలు కోట్లు ఆర్జించే అంతర్జాతీయ క్రీడాకారులనే చూపిస్తాయి. అమెరికాలోని ఇండియానా రాష్ట్రంలో స్థిరపడిన తెలుగువాడిగా, ఇక్కడి చిన్న ఊళ్లు తమ హైస్కూలు బాస్కెట్‌బాల్ ఆటగాళ్లను తరాల తరబడి గుర్తుపెట్టుకునే తీరు చూశాక, ఈ అలవాటు కొంత మారాలని కోరుతున్నాను.

1954 మార్చిలో, కేవలం 161 మంది విద్యార్థులున్న మైలన్ హైస్కూలు తనకన్నా సుమారు పది రెట్లు పెద్దదైన మన్సీ సెంట్రల్‌ను 32-30తో ఓడించి రాష్ట్ర విజేతగా నిలిచింది. చివరి సెకన్లలో బంతిని బుట్టలో వేసిన బాబీ ప్లంప్‌ను ఇక్కడ ఇప్పటికీ తలచుకుంటారు. అయితే అదే ఆఖరి క్వార్టర్‌లో, జట్టు రెండు పాయింట్లు వెనకబడి ఉండగా, అతడు నాలుగు నిమిషాలకు పైగా బంతి పట్టుకుని కదలకుండా నిలబడ్డాడనీ, తీరా వేసిన షాట్ గురి తప్పిందనీ చెప్పేవారు తక్కువ. అయినా తోటి ఆటగాళ్లు చివరి బంతిని అతడికే వదిలి పక్కకు తప్పుకున్నారు. మన పీఈటీ మాస్టార్లు పిల్లలకు ముందుగా చెప్పవలసింది ఈ భాగమే.

ప్లంప్ అమెరికా ప్రొఫెషనల్ బాస్కెట్‌బాల్ లీగ్ అయిన ఎన్‌బీఏకు వెళ్లలేదు. బట్లర్ విశ్వవిద్యాలయంలో చదివి, కొంతకాలం ఒక చమురు కంపెనీ జట్టుకు ఆడి, ఆపై బీమా వ్యాపారంలో స్థిరపడ్డాడు. ఆ ఆఖరి షాట్ పేరునే కుటుంబ రెస్టారెంటుకు పెట్టుకున్న మాట నిజమే కాని, 1997-98 సీజన్ నుంచి రాష్ట్ర టోర్నమెంటును విద్యార్థుల సంఖ్యను బట్టి నాలుగు తరగతులుగా విడగొట్టాలనుకున్నప్పుడు, చిన్న బడికి పెద్ద బడిని ఢీకొనే అవకాశం పోతుందని గట్టిగా వ్యతిరేకించింది కూడా ఆయనే. ఆ వాదనతో నేను పూర్తిగా ఏకీభవించను, ఎందుకంటే విభజన వల్ల చిన్న బడులకూ కప్పులు దక్కుతున్నాయి. అయినా తనకు దక్కిన అవకాశం తర్వాతి పిల్లలకూ ఉండాలని పోరాడిన మనిషిని గౌరవించకుండా ఉండలేను.

ఇదే రాష్ట్రంలోని ఫ్రెంచ్ లిక్ అనే చిన్న ఊరి నుంచి వచ్చిన ప్రసిద్ధ బాస్కెట్‌బాల్ ఆటగాడు లారీ బర్డ్ 1974లో ఇండియానా విశ్వవిద్యాలయంలో చేరి, నెల తిరక్కుండానే ఇంటికి వచ్చేసి, ఊళ్లో చెత్త ఎత్తే పని కూడా చేశాడు. ఆయన ఎన్‌బీఏ ఘనతలు చెప్పేవారు ఆ రోజులనూ చెప్పాలి.

పదిహేడేళ్ల కుర్రాడి నెత్తిన ఊరి పరువంతా పెట్టడం తగదన్న అభ్యంతరం సబబే. అందుకే నా సూచన వేరు. మన ఎస్‌జీఎఫ్ (స్కూల్ గేమ్స్ ఫెడరేషన్) పోటీల వార్తలు జిల్లా పేజీలో ఒక్క ఫొటోతో ముగిసిపోతున్నాయి. పదేళ్ల కిందట కప్పు ఎత్తిన పిల్లలు ఇప్పుడేం చేస్తున్నారో నెలకొకసారైనా రాయించండి. కానిస్టేబుళ్లు అయినవారి గురించీ, పీఈటీలు అయినవారి గురించీ, ఆట మానేసి పొలం చూసుకుంటున్నవారి గురించీ.

ఇట్లు,
ఒక పాఠకుడు, ఇండియానాపొలిస్