కుక్క ఎముకల మీద పీజీ చేస్తానంటే మన దగ్గర దారేది?

సంపాదకులు గారికి నమస్కారం.

మీ పేపర్లో వచ్చే చదువుల పేజీ మా ఇంట్లో అందరం చదువుతాం. ఎంసెట్, గ్రూప్స్, బ్యాంకు పరీక్షలు, అన్నీ వస్తాయి, మంచిదే. కానీ ఈ ఏడాది మా ఇంట్లో వచ్చిన ప్రశ్నకి ఎక్కడా జవాబు దొరకలేదు, అందుకే ఈ ఉత్తరం రాస్తున్నాను, కొంచెం పెద్దదైనా వేయండి.

మా మేనకోడలు గుంటూరులో బీఎస్సీ జువాలజీ పూర్తి చేసింది. పీజీ ఏం చేస్తావమ్మా అంటే, మావయ్యా నాకు జంతువుల ఆర్కియాలజీ చదవాలని ఉంది, అసలు కుక్క మనిషి దగ్గరికి ఎప్పుడొచ్చింది ఎలా వచ్చింది అన్నది నేర్చుకోవాలని ఉంది అంది. మా చెల్లెలు ఒకటే గొడవ, కుక్కల మీద పీజీ ఏంటే, రేపు సంబంధాల వాళ్ళు అడిగితే ఏమని చెప్పుకోవాలి అని. నేను విజయవాడలో ఇరవై రెండేళ్ళ నుంచి ఇంటర్ పిల్లలకి జువాలజీ చెప్తున్నాను, ఇలాంటి చదువు ఒకటి ఉందని నాకే సరిగ్గా తెలీదు. ఇద్దరం కూర్చుని మూడు నెలలు వెతికాం. వెతికేకొద్దీ ఇది ఎంత పెద్ద సబ్జెక్టో అర్థమయింది, మన దగ్గర దానికి దారి లేకపోవడం ఎంత అన్యాయమో కూడా అర్థమయింది.

తవ్వకాల్లో కుండపెంకులు, పూసలతో పాటు బోలెడు ఎముకలు బయటపడతాయి. ఏ ముక్క ఏ జంతువుది, దాని వయసెంత, కత్తి గాట్లు ఉన్నాయా, కాల్చారా, ఇవన్నీ చూసి అప్పటి మనుషులు ఏం తిన్నారో, ఏం పెంచారో చెప్పేదే జూఆర్కియాలజీ. వినడానికి తేలికే. మేక ఎముకా గొర్రె ఎముకా పక్కపక్కన పెడితే నాలాంటి వాడు చెప్పలేడు, ఆవుదీ గేదెదీ ముక్కలైపోతే ఇంకా కష్టం. ఈ పిల్ల ఏం చేసిందంటే, మటన్ కొట్టు అతన్ని బతిమాలి మేక దవడ ఒకటి, గొర్రె దవడ ఒకటి తెచ్చి ఉడకబెట్టి డాబా మీద బకెట్లో నానేసింది, వాసనకి మా చెల్లెలు రెండు రోజులు దానితో మాట్లాడలేదు. అవి శుభ్రం చేసి ఎండబెట్టి పళ్ళ వరసలు పోల్చి చూపించింది నాకు. ఇంకో రోజు మా వీధి కుక్కకి తొడ ఎముక వేసి, అది నమిలి వదిలేశాక తెచ్చి కడిగి చూపించింది. రెండు చివర్లూ పోయాయి, నడిమి గొట్టం మీద పంటి గుంటలు పడ్డాయి. పాత ఊరి తవ్వకంలో కుక్క ఎముక ఒక్కటి కూడా దొరక్కపోయినా, మిగతా ఎముకల మీద ఇలాంటి గుర్తులుంటే అక్కడ కుక్క తిరిగిందేమో అని ఆలోచిస్తారంట. నేనింతకాలం డిసెక్షన్లు చేయించాను గానీ ఎముకని ఇలా ఎప్పుడూ చూడలేదు.

జర్మనీలో బాన్ దగ్గర ఓబర్‌కాసెల్ అనే చోట 1914లో రాళ్ళ క్వారీలో ఒక పాత సమాధి బయటపడింది, ఒక మగమనిషి, ఒక ఆడమనిషి, వాళ్ళతో ఒక కుక్క. పద్నాలుగు వేల ఏళ్ళ పైమాటే. అంటే వ్యవసాయం ఇంకా పుట్టలేదు, ఆవూ మేకా మచ్చిక కాలేదు, కుక్క మాత్రం అప్పటికే మనతో ఉంది. దాని దవడని మొదట్లో తోడేలుదనుకున్నారు, కుక్కదని తేలింది 1970ల్లోనే. మళ్ళీ 2018లో, లైడెన్ యూనివర్సిటీలో పీహెచ్‌డీ చేస్తున్న ఒక వెటర్నరీ డాక్టరు దాని పళ్ళ మీది గీతలు చూసి, ఈ కూనకి డిస్టెంపర్ అనే, కుక్కలకి వచ్చే వైరస్ జబ్బు వచ్చింది, మనుషులు వారాల తరబడి చూసుకోకపోతే అన్నాళ్ళు బతికేది కాదు అని చెప్పాడు. ఏ పనికీ రాని ఒక జబ్బు కూనని అంత పాత మనిషి దగ్గర కూర్చుని సాకాడు! నూరేళ్ళ పాటు ఆ ఎముకలు పారెయ్యకుండా దాచారు కాబట్టే ఇది తెలిసింది, పశువైద్యం చదివినాయన్ని ఆర్కియాలజీలోకి రానిచ్చారు కాబట్టే తెలిసింది. నా ఉత్తరం మొత్తం ఈ రెండు మాటల కోసమే.

మన దేశంలో కూడా శ్రీనగర్ దగ్గర బూర్జహోమ్‌లో నాలుగు వేల ఏళ్ళ కిందటి సమాధుల్లో కుక్కల్ని పాతిపెట్టినట్టు తవ్వకాల్లో కనపడింది. ఇంక జీన్ల సంగతి చూస్తే, 2013లో స్వీడన్ వాళ్ళు నేచర్ పత్రికలో వేశారు, పిండి పదార్థం అరిగించే ఒక జీను తోడేలుకి రెండు కాపీలే ఉంటే కుక్కలకి చాలా ఎక్కువ ఉన్నాయని. మన ఇళ్ళల్లో మిగిలిన అన్నం పెడితే తిని బతికే కుక్క వెనక ఇంత కథ ఉంది.

ఇదంతా ఎక్కడో దూరం సంగతి అనుకోవద్దు. బేతంచెర్ల దగ్గర బిల్లసుర్గం గుహలు 1844లోనే న్యూబోల్డ్ అనే బ్రిటిష్ ఆఫీసరు చూశాడు, 1880ల్లో జియాలజిస్టు రాబర్ట్ బ్రూస్ ఫుట్, వాళ్ళబ్బాయి తవ్వారు, అక్కడ దొరికిన జంతువుల ఎముకల మీద లిడెక్కర్ అనే శాస్త్రవేత్త 1886లో రాశాడు. అంటే ఈ చదువుకి మన గడ్డ మీద నూట నలభై ఏళ్ళ చరిత్ర ఉంది. పాత మహబూబ్‌నగర్ జిల్లా ఉట్నూరు బూడిద దిబ్బని 1957లో ఆల్చిన్ అనే బ్రిటిష్ ఆర్కియాలజిస్టు తవ్వితే పశువుల గిట్టల ముద్రలు కనపడ్డాయి, అది పశువుల దొడ్లో పేడ కాల్చగా కాల్చగా పేరుకున్న దిబ్బ అని తేలింది. అనంతపురం జిల్లా పాలవాయి దిబ్బల మీద వి. రామిరెడ్డి గారు పనిచేశారు. కర్ణాటకలో బూదిహాళ్ బూడిద దిబ్బని తవ్విన పద్దయ్య గారు మన తెలుగాయనే, పూణె డెక్కన్ కాలేజీకి డైరెక్టర్‌గా చేశారు, 2012లో పద్మశ్రీ కూడా వచ్చింది. ఇంతమంది పెద్దలు నడిచిన దారిలో ఇప్పుడు మన పిల్లలు నడవాలంటే పూణె వెళ్ళాలి, లేదా బరోడా వెళ్ళాలి, లేకపోతే ఇంగ్లండులో యార్క్ యూనివర్సిటీలో జూఆర్కియాలజీ ఎమ్మెస్సీ అని ఉంది, దాని ఫీజు చూసి మా బావగారు ఫోన్ పక్కన పెట్టేశారు.

స్కాలర్‌షిప్ అడుగుదామంటే ఇంకో చిక్కు. ఎస్సీ పిల్లలూ మరికొన్ని వర్గాల పిల్లలూ పైదేశం వెళ్ళి చదువుకోడానికి కేంద్రం ఇచ్చే నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్ ఉంది కదా, భారత సంస్కృతి, వారసత్వం, చరిత్ర మీద టాపిక్కులకి అది ఇవ్వం అని 2022లో రూలు పెట్టారు. మన నేల కింది ఎముకలు చదవడానికి సాయం లేదన్నమాట. అది మార్చాలని మన ఎంపీలు అడగాలి.

ఇక మేం పడ్డ తిప్పలు. ఒక యూనివర్సిటీ ఆఫీసుకి వెళ్తే జువాలజీ వాళ్ళకి ఆర్కియాలజీ ఎందుకమ్మా, హిస్టరీ చదివి రా అన్నారు. ఇంకో చోటికి ఫోన్ చేస్తే ఏ డిగ్రీ అయినా పర్లేదు గానీ ఎముకల పేపరు చెప్పేవాళ్ళు లేరు అన్నారు. మూడో చోట అసలు ఫోనే ఎత్తలేదు. నేను పేర్లు రాయను, ఎవర్నీ తప్పుపట్టడానికి కాదు, ఆ ఆఫీసుల్లో కూర్చున్నవాళ్ళకి కూడా ఈ సబ్జెక్టు గురించి ఎవరూ చెప్పి ఉండరు.

నాకు బాధ ఎక్కడంటే, మన దగ్గర అన్నీ ఉన్నాయి, కలిపేవాళ్ళే లేరు. గన్నవరంలో వెటర్నరీ కాలేజీ ఉంది, అక్కడ అనాటమీ చెప్పాలంటే ఆవు, గేదె, గొర్రె, మేక, కుక్క అస్థిపంజరాలు ఉండాల్సిందే కదా. జంతువుల ఆర్కియాలజీకి మొదట కావాల్సిందే అది, తవ్వకంలో దొరికిన ముక్కని పక్కన పెట్టి పోల్చుకోడానికి ఏ జంతువుదో తెలిసిన ఎముకల సెట్టు. గుంటూరు పక్కనే నాగార్జున యూనివర్సిటీ ఉంది. విజయవాడలో బాపు మ్యూజియం ఉంది, గుంటూరులో బౌద్ధశ్రీ మ్యూజియం ఉంది, రెండూ పురావస్తు మ్యూజియాలే. గన్నవరం నుంచి గుంటూరుకి ఎంత దూరం, పొద్దున బస్సెక్కితే మధ్యాహ్నం భోజనానికి ఇంటికొచ్చేయొచ్చు. వెటర్నరీ వాళ్ళూ ఆర్కియాలజీ వాళ్ళూ కూర్చుని పీజీలో ఒక్క స్పెషల్ పేపరు పెట్టండి, అందులోకి జువాలజీ, బీవీఎస్సీ పిల్లల్ని కూడా రానివ్వండి. నెట్ పరీక్షలో ఆర్కియాలజీ సబ్జెక్టు ఎలాగూ ఉంది, అందులో జేఆర్ఎఫ్ అనే రీసెర్చ్ ఫెలోషిప్ వస్తే నెలకి 37,000 ఇస్తున్నారు, పాత డీఎన్‌ఏ మీద పనిచేసిన సీసీఎంబీ పరిశోధన సంస్థ హైదరాబాద్‌లోనే ఉంది. మొదటి మెట్టు ఒక్కటి వేస్తే మిగతావి పిల్లలు ఎక్కుతారు.

చెయ్యాల్సిన పనికి కూడా కొదవ లేదు. కొల్లేరు చుట్టుపక్కల బాతుల మందలు కాసే జోనంగి కుక్కలు ఉన్నాయి, మన సొంత జాతి. వాటికీ పాత కుక్కలకీ సంబంధం ఏంటో ఎముకలూ జీన్లూ పక్కపక్కన పెట్టి చూస్తే ఒక పీహెచ్‌డీ అవుతుంది, మా పిల్ల ఇప్పుడే నోట్సు రాసుకుంటోంది. 2025 ఆగస్టులో సుప్రీంకోర్టు ఢిల్లీ వీధి కుక్కల మీద ఒక ఆర్డరు ఇచ్చి మళ్ళీ అదే నెలలో మార్చింది, అప్పట్నుంచి మన ఊళ్ళో కూడా టీ కొట్టు దగ్గర ఇదే వాదన, పట్టెయ్యాలని కొందరు వదిలెయ్యాలని కొందరు. కుక్క కాటుకి భయపడే తల్లి బాధ నిజం, నేను కాదనను. కానీ ఈ జంతువు మన గుమ్మం ముందు ఎందుకుందో, మన ఎంగిలి మీద బతకడం ఎలా అలవాటు చేసుకుందో చదివినవాళ్ళు కూడా ఆ వాదనలో ఉంటే బాగుంటుంది అనిపిస్తుంది.

ఇంకొక్క మాట. నాగార్జునకొండ లోయ మొత్తం 1954 నుంచి 60 దాకా తవ్వారు, తర్వాత సాగర్ నీళ్ళొచ్చి మునిగిపోయింది. అక్కడ అప్పుడు ఏం తీశారో అదే మిగిలింది, మళ్ళీ వెళ్ళి తవ్వడానికి లేదు. అందుకే పురావస్తు శాఖ వాళ్ళని చేతులు జోడించి అడుగుతున్నాను, మన జిల్లాల్లో ఇక మీదట ఏ చిన్న తవ్వకం జరిగినా మట్టి జల్లెడ పట్టించండి, ఎముక ముక్కల్ని శిల్పాలంత జాగ్రత్తగా సంచుల్లో కట్టి, ఏ గుంట, ఏ లోతు అని చీటీ రాసి దాచండి. ఇవాళ చదివేవాళ్ళు లేకపోయినా పర్లేదు.

మీరు కూడా చదువుల పేజీలో ఒక ఆదివారం ఈ సబ్జెక్టు వెయ్యండి సార్, సీట్లు ఎక్కడున్నాయో, ఏ డిగ్రీ వాళ్ళు వెళ్ళొచ్చో కనుక్కుని రాయండి. మా చెల్లెలు మీ పేపర్లో పడితే నమ్ముతుంది.

ఇట్లు,
ఒక జువాలజీ లెక్చరర్,
సత్యనారాయణపురం, విజయవాడ