మన మేడ మీద సోలార్ ఎంతవరకు గిట్టుబాటు

చిరంజీవి బాబుకి,

అమ్మ ఆశీస్సులు. ఇక్కడ అందరం క్షేమం. కోడలికి, పిల్లలకి మా దీవెనలు.

నువ్వు వాట్సాప్‌లో పంపిన సోలార్ కొటేషన్ చూసి మీ నాన్నగారు "డబ్బు వాడే ఇస్తానంటున్నాడు కదా, పెట్టించేద్దాం" అన్నారు. నేనే ఆగమన్నాను. ఫోన్లో చెబితే "సరే అమ్మా, సరే అమ్మా" అంటూ మీటింగ్‌లోకి వెళ్లిపోతావు. లెక్కలు అలా వింటే బుర్రకెక్కవు. అందుకే కాగితం మీద పెడుతున్నాను, తీరిగ్గా చదువుకో.

సోలార్ వద్దని కాదు నా గొడవ. పెట్టిద్దాం. 5 కిలోవాట్లు మాత్రం వద్దు, మన ఇంటికి 2 చాలు.

ఆ కంపెనీ అబ్బాయి లెక్క ఇదీ. 5 కిలోవాట్లకు ఏడాదికి 7,000 యూనిట్లు వస్తాయి. యూనిట్ 8 రూపాయల చొప్పున 56,000 మిగులు. ఖర్చు 3,00,000, అందులో కేంద్రం ఇచ్చే సబ్సిడీ 78,000 పోను మన చేతి నుంచి 2,22,000. కాబట్టి నాలుగేళ్లలో పెట్టుబడి వెనక్కి, ఆ పైన ఇరవై ఏళ్లు కరెంటు ఫ్రీ. చూడ్డానికి బానే ఉంది. 7,000 యూనిట్ల మాటలోనూ తప్పులేదు. మన వైపు కిలోవాటుకు రోజుకి సగటున నాలుగు యూనిట్లు, ఏడాదికి 1,400 దాకా వేసుకోవచ్చు. తిరకాసంతా ఆ 8 రూపాయల దగ్గరే ఉంది.

మనం యూనిట్‌కి 8 రూపాయలు ఎక్కడ కడుతున్నాం? మన ఆంధ్రప్రదేశ్‌లో ఇళ్లకు స్లాబుల లెక్క. మొదటి 30 యూనిట్లు 1.90 చొప్పున, 75 దాకా 3 రూపాయలు, 125 దాకా 4.50, 225 దాకా 6, 400 దాకా 8.75, అది దాటితే 9.75. ఎంత ఎక్కువ వాడే ఇంట్లోనైనా మొదటి 30 యూనిట్లు 1.90కే వస్తాయి. సోలార్ పెట్టాక మనం గ్రిడ్ నుంచి, అంటే వీధి కరెంటు లైను నుంచి, తీసుకున్న దాంట్లోంచి ప్యానెళ్లు గ్రిడ్‌కి పంపింది తీసేసి, మిగిలిన యూనిట్లకే బిల్లు వేస్తారు. అంటే బిల్లులో కోత పై స్లాబు నుంచి పడుతుంది. ముందు ఖరీదైన యూనిట్లు పోతాయి, తర్వాత చవకవి. అందుకే ప్యానెల్ ఎన్ని యూనిట్లు ఇస్తుందన్నది కాదు, మన బిల్లులో ఏ యూనిట్లు తగ్గుతాయన్నది చూడాలి.

వంటింటి తలుపు వెనక మేకుకి వేలాడే తీగ గుర్తుందా, కరెంటు బిల్లులు గుచ్చేది? ఎండాకాలం బిల్లు కిందది తీయాలంటే పైవన్నీ ఊడదీయాలి. కొన్ని బిల్లుల మీద అచ్చు వెలిసిపోయి అంకెలు కనపడకపోతే కిటికీ దగ్గర ఎండకి పెట్టి చదివాను. ఏడాది బిల్లులు వరసగా పరిస్తే మన ఇంటి తీరు తెలిసింది. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా నెలకి 120 యూనిట్లు అటూ ఇటూ. మార్చి నుంచి జూన్ దాకా, మీ నాన్నగారి గదిలో ఏసీ వల్ల, 300. వానాకాలం 190. ఏడాది మొత్తం 2,440 యూనిట్లు.

వీటికి స్లాబు ప్రకారం ఎంతవుతుందో వేశాను. 120 యూనిట్ల నెలకి 395 రూపాయలు, 190కి 807, 300కి 1,673. ఏడాదికి సుమారు 11,500. సర్దుబాటు చార్జీలు, సుంకం, ఫిక్స్‌డ్ చార్జీ వీటికి వేరు. అందులో ఫిక్స్‌డ్ చార్జీ సోలార్ పెట్టినా పోదు. వెనకటి వాడకం మీద ఇప్పుడు వసూలు చేసే సర్దుబాటు ఏదైనా ఉంటే అదీ తప్పదు. కాబట్టి మేడంతా ప్యానెళ్లతో కప్పేసినా మన బిల్లులో ఏడాదికి తగ్గేది ఈ 11,500, దానికి కాస్త అటూ ఇటూ. ఉన్న బిల్లే అంత, 56,000 ఎక్కడి నుంచి మిగులుతాయి చెప్పు?

ఎదురింటి మామయ్యగారిని చూసి నువ్వు ముచ్చట పడుతున్నావని నాకు తెలుసు. ఆయన లెక్క వేరు నాన్నా. కింద రెండు ఏసీలు, పైన అద్దెకున్నవాళ్లు, అంతా ఒకే మీటరు. నెలకి 500 యూనిట్లు కాలుస్తారు, అంటే 3,500 పైన బిల్లు. ఆయన పెట్టించిన 3 కిలోవాట్లు నెలకి 350 యూనిట్లు ఇస్తే, ఆ కోతంతా 9.75, 8.75 స్లాబుల్లోనే పడుతుంది, కొంత 6 రూపాయల్లో. మిగిలిన 150 యూనిట్లకి కట్టేది 567. నెలకి దాదాపు 3,000 మిగులు. 1,95,000లో సబ్సిడీ పోను ఆయన పెట్టింది 1,17,000. మూడేళ్ల మీద నాలుగు నెలలకి వచ్చేస్తుంది. కంపెనీ అబ్బాయి చెప్పే నాలుగేళ్లు అబద్ధం కాదు, మామయ్యగారి లాంటి ఇంటికి నిజం. దాన్ని తెచ్చి మనకి అంటించాడు.

ఇప్పుడు మన ఇంటికి ఒక్కో కిలోవాటూ విడివిడిగా చూడు. నాకు కళ్లు తెరిపించింది ఇదే.

మొదటి కిలోవాటు: ఖర్చు 75,000 అనుకుంటే 30,000 సబ్సిడీ, మనది 45,000. ఇది నెలకి 117 యూనిట్లు కోస్తుంది. ఎండాకాలం 8.75వి, 6వి, వానాకాలం 6వి, 4.50వి. ఏడాదికి 7,700 దాకా మిగులు. ఆరేళ్లలోపే వచ్చేస్తుంది.

రెండోది: మొత్తం ధర 1,40,000 అవుతుంది, సబ్సిడీ 60,000, మనది 80,000. అంటే ఈ రెండో కిలోవాటుకి అదనంగా 35,000. ఇది కోసేవి చాలావరకు అడుగున ఉన్న చవక యూనిట్లు. గ్రిడ్‌కి పోయే మిగులు యూనిట్లకి వచ్చేది కూడా కలిపితే అదనంగా మిగిలేది 4,500. ఏడున్నర, ఎనిమిదేళ్లు.

మూడోదానికి వచ్చేసరికి కోయడానికి మన బిల్లులో యూనిట్లే లేవు. వచ్చిందంతా గ్రిడ్‌కే. మిగులు యూనిట్లకి డిస్కం, అంటే కరెంటు పంపిణీ కంపెనీ, మనకి కట్టే ధర, మనం కొనే పై స్లాబుల ధరకి దరిదాపుల్లో ఉండదు. రెండు రూపాయలు అనుకుని వేశాను. 1,400 యూనిట్లకి 2,800 వస్తాయి. మామయ్యగారిలా 3 కిలోవాట్లకి 1,17,000 అయితే, దానికోసం అదనంగా 37,000 పెట్టాలి, పదమూడేళ్లు. ఆ పైన నాలుగు, అయిదు కిలోవాట్లకి సబ్సిడీ ఒక్క రూపాయి పెరగదు, 78,000 దగ్గరే ఆగిపోతుంది. 1,05,000 పెట్టి ఏడాదికి 5,600 తెచ్చుకోవడం. పంతొమ్మిదేళ్లు పడుతుంది. అప్పటికి మీ నాన్నగారికి తొంభై దాటుతాయి.

నువ్వు అన్నీ కలిపి సగటు చూస్తే 5 కిలోవాట్లకి కూడా పదకొండేళ్లలో వచ్చేసినట్టు కనపడుతుంది, ఫర్వాలేదనిపిస్తుంది. మొదటి రెండు కిలోవాట్ల లాభాన్ని చివరివి తినేస్తున్నాయన్నది ఆ సగటులో కనపడదు.

2 కిలోవాట్లకి కూడా నేను కాస్త గట్టిగానే వేశాను. ఏడాదికి 12,200 వస్తుందనుకో. ప్యానెళ్ల కరెంటుని ఇంట్లో వాడే కరెంటుగా మార్చే ఇన్వర్టర్ ప్యానెళ్లంత కాలం రాదు. ప్యానెళ్లకి పాతికేళ్ల పవర్ వారంటీ ఇస్తారు గానీ ఇన్వర్టర్‌ని మధ్యలో ఒకసారైనా మార్చాలి. దానికి ఏడాదికి 2,000 పక్కన పెడితే 10,200. 80,000 తిరిగి రావడానికి ఎనిమిదేళ్లు. ప్యానెళ్లు ఏటా అర శాతం చొప్పున నీరసిస్తాయి, కరెంటు రేట్లు ఎప్పుడో పెరుగుతాయి, ఆ రెంటినీ నేను చెల్లుకు చెల్లు అనుకున్నాను. బ్యాంకులో ఏడు శాతానికి వేస్తే 80,000కి 5,600 వస్తుంది, అసలు అలాగే ఉంటుంది. సోలార్‌లో అసలు ఇనుమైపోతుంది కాబట్టి ఆ ఎనిమిదేళ్లూ లాభం అనుకోకు, మన డబ్బే మనకి తిరిగొస్తోందనుకో. తర్వాత వచ్చేదే లాభం. అయినా నాకు నచ్చింది, ఎందుకంటే ఆ మిగులు మీద పన్ను లేదు.

లోను మాట ఎత్తకు. తక్కువ వడ్డీకే ఇస్తున్నారు, నిజమే. ఏడు శాతమైనా మొదటి ఏడాది మిగులులో సగం వడ్డీకే పోతుంది. కొబ్బరి డబ్బు ఉంది, నువ్వూ పంపక్కర్లేదు.

ఇక కొటేషన్‌లో లేని సంగతులు. దక్షిణం వైపు గట్టు మీద రెండు కొబ్బరిచెట్లున్నాయి కదా. పొద్దున్న తొమ్మిది నుంచి పదకొండు దాకా ఒక చెట్టు మట్టల నీడ మేడ మీద పిట్టగోడ నుంచి వాటర్ ట్యాంకు దాకా జరుగుతుంది. నేను బట్టలు ఆరేస్తూ రోజూ చూసేదే. ఒక ప్యానెల్ మీద కొంత నీడ పడినా, ఒకే వరసలో కలిపిన మిగతావీ వెనకపడొచ్చు. 2 కిలోవాట్లంటే నాలుగు ప్యానెళ్లు, రెండొందల చదరపు అడుగుల చోటు. పడమటి వైపు నీడ పడకుండా సరిపోతుంది. 5 కిలోవాట్లు పెడితే ట్యాంకు దాకా పరచాలి, చెట్టు కొట్టాలి. కాయలు ఇచ్చే చెట్టుని నేను కొట్టనివ్వను.

మన రోహిణి కార్తె ఎండ చూసి మే నెలలో దంచేస్తుందనుకోకు. ప్యానెల్‌కి కావాల్సింది వెలుతురు, వేడి కాదు. బాగా కాలిపోయినప్పుడు పదో వంతు పైనే దిగుబడి తగ్గుతుంది. అందుకే రేకుకి అంటించినట్టు కాకుండా కింద గాలి ఆడేలా ఎత్తులో బిగించాలి. అలాగని మరీ ఎత్తైతే గాలికి లేస్తుంది. 96 నవంబరు తుఫాను నీకు లీలగా గుర్తుండాలి, తోటలు తోటలే నేలకొరిగాయి. బోల్టులు కాంక్రీటులో ఎంత లోతుకి దిగుతాయి, ఫ్రేముకి జింకు పూత బాగా వేశారా, ఉప్పుగాలికి తుప్పు పట్టదా అని అడుగు. రంగు వేసి తెచ్చిన మామూలు ఇనుము మన సముద్రం వైపు ఎన్నాళ్లుంటుందో గేటు చూస్తే తెలుస్తుంది. కడగడానికి మన బోరు నీళ్లు పనికిరావు, ఆరితే తెల్లగా ఉప్పు చారలు కడతాయి. కుళాయి నీళ్లు రెండు బకెట్లు పైకి మోసుకోవాలి, ఆ పని ఎవరిదో మీ నాన్నగారినే అడిగి చెప్పు.

ఇంకోటి, కరెంటు పోయినా ఇంట్లో లైట్లు వెలుగుతాయని ఆ అబ్బాయి నీతో అన్నాడట. బ్యాటరీ లేకుండా వీధి లైనుకి కలిపే ఇలాంటి సోలార్ (ఆన్‌గ్రిడ్ అంటారు) లైనులో కరెంటు పోగానే తానూ ఆగిపోతుంది, లైన్ మీద పనిచేసేవాళ్లకి షాక్ కొట్టకుండా అలా చేస్తారు. గాలివాన వచ్చి రెండ్రోజులు కరెంటు లేకపోతే మనకి దిక్కు హాల్లో ఉన్న పాత ఇన్వర్టర్ బ్యాటరీయే.

"ముందు ముందు వాడకం పెరుగుతుంది కదమ్మా" అంటావు. ఎవరి వల్ల పెరుగుతుంది నాన్నా? మేమిద్దరం వాడేది ఇంతే. మీరు వచ్చి ఇక్కడే ఉంటామంటే పిల్లల గదికి ఏసీ, నీ కరెంటు బండి, కోడలికి ఇండక్షన్ పొయ్యి, అన్నీ కలిసి మనమూ మామయ్యగారి స్లాబుల్లోకి వెళ్తాం. అప్పుడు మూడో కిలోవాటు కూడా గిట్టుబాటే, సంతోషంగా పెట్టిస్తాను. ఇన్వర్టర్ మటుకు ఇప్పుడే 3 కిలోవాట్లది వేయమందాం, తేడా ఎంతో అడుగు. వస్తామని ఖాయంగా చెప్పకుండా ప్యానెళ్లు మాత్రం ముందే పరిపించకు.

ఇప్పుడు నువ్వు చేయాల్సింది. 2 కిలోవాట్లకి కొత్త కొటేషన్ రాయించు. ప్యానెళ్లు, ఇన్వర్టర్, స్ట్రక్చర్, ఎర్తింగ్ వేటి ధర వాటికి విడిగా ఉండాలి. ప్యానెళ్లు మన దేశంలో తయారైన సెల్స్‌వి కాకపోతే సబ్సిడీ రాదు, అది కాగితం మీద రాసివ్వమను. మిగులు యూనిట్ల ఖాతా ఏ నెలలో తేలుస్తారో డిస్కం ఆఫీసులో నేను కనుక్కుంటాను. చలికాలం మిగిలినవి ఎండాకాలానికి పనికొస్తాయా లేదా అన్నది దాన్ని బట్టి ఉంటుంది. సబ్సిడీ మీటరు మార్చి తనిఖీ అయ్యాక బ్యాంకులో పడుతుంది, కాబట్టి 1,40,000 ముందు మనమే సర్దాలి.

అన్నిటికంటే ముందు ఒక పనుంది. కరెంటు కనెక్షన్ ఇప్పటికీ మీ తాతగారి పేరు మీదే ఉంది. దరఖాస్తు, బిల్లు, బ్యాంకు ఖాతా ఒకే పేరున ఉండాలి కదా. పేరు మార్పిడికి తాతగారి మరణ ధ్రువపత్రం కావాలట. దాని నకలు నువ్వు ఇల్లు కొన్నప్పుడు పట్టుకెళ్లిన ఫైల్లో ఉందేమో వెతికి, ఫొటో తీసి పంపు. మీ నాన్నగారు బీరువా అంతా తిరగేశారు, దొరకలేదు.

ఇట్లు
అమ్మ