‘దుర్భాషలాడారు’ అంటే ఏమన్నట్టు?

గౌరవనీయులైన సంపాదకులకు నమస్కారం.

కడప కలెక్టరేట్ దగ్గర అర్జీలు రాసి బతుకుతున్నాను. సోమవారం గ్రీవెన్స్ నాడు పొద్దున్నే నా బల్ల ముందు జనం చేరతారు. పింఛను, పాసుపుస్తకం, గట్టు తగాదా, వీటితో పాటు ‘ఫలానావాడు నన్ను తిట్టినాడు’ అనే అర్జీలూ చాలా వస్తాయి. పత్రికల్లో రోజూ కనిపించే ‘దుర్భాషలాడారు’ అన్న మాట గురించి మీకు రాయాలని చాలా రోజుల నుంచి అనుకుంటున్నాను. ఈ మధ్య జరిగిన ఒక సంగతితో ఇక ఆగలేకపోయాను.

ఒక పెద్దామె వచ్చింది. పొలం గట్టు మీద మొదలైన గొడవ ఊరి బస్టాపు దాకా పాకింది. అక్కడ పదిమంది ముందు పక్క పొలం ఆసామి ఆమెను కులం పేరు పెట్టి తిట్టాడు. ఆ మాట నాకు చెప్పేటప్పుడు ఆమె అటూ ఇటూ చూసి, గొంతు బాగా తగ్గించింది. తిట్టినవాడు బజారులో అరిచిన మాటను తిట్టు తిన్న మనిషి చెవిలో చెప్పాల్సి వచ్చింది. ఆమె చెప్పింది చెప్పినట్టు రాసి ఇచ్చాను. రెండు రోజుల తర్వాత ఆమె మనవణ్ణి వెంటబెట్టుకుని మళ్ళీ వచ్చింది. పిల్లవాడి చేతిలో పత్రిక ముక్క. ‘పొలం తగాదాలో ఇరువర్గాలు పరస్పరం దుర్భాషలాడుకున్నాయి’ అని నాలుగు లైన్లు. “నేనేం తిట్టినాను నాయనా? నేను నోరే తెరవలేదు కదా” అందామె. అవతలివాళ్ళు ఆ ముక్కనే ఊర్లో అందరికీ చూపిస్తున్నారట.

దుర్భాష అంటే చెడ్డ మాట. అంతకుమించి ఆ పదం ఏమీ చెప్పదు. చెప్పే పదాలు మన తెలుగులో చాలానే ఉన్నాయి. వినాయక చవితి కథ అందరికీ తెలుసు. కృష్ణుడు శమంతకమణిని దొంగిలించలేదు, అయినా దొంగ అన్నారు. అది నింద. చేయనిదాన్ని చేశావనడం. నేరం రుజువయ్యే వరకు పట్టుబడ్డవాణ్ణి పత్రికలు ‘నిందితుడు’ అనే రాస్తాయి, దోషి అని రాయవు. చక్కటి జాగ్రత్త. తిట్టిన సంగతి రాసేటప్పుడు ఆ జాగ్రత్త ఎక్కడికి పోతోంది?

దూషణలో దోషం అనే మాట వినిపిస్తుంది. రెండూ ఒకే ధాతువు నుంచి వచ్చినవి. మనిషిని చెడ్డవాడనీ, మైలపడ్డవాడనీ అనడం దూషణ. బూతు వేరు, అది శరీరానికీ పడకకూ సంబంధించిన మాట. ‘నీ నోట్లో మన్ను పడ’ అంటే శాపనార్థం. ఇక తిట్టు అన్నిటికంటే విశాలమైనది, అందులో ప్రేమ కూడా ఇముడుతుంది. మా అవ్వ “సచ్చినోడా, అన్నం తినిపోరా” అని పిలిస్తేనే నాకు ఇల్లు చేరినట్టుండేది. భద్రాచలం రామదాసు దెబ్బలు తాళలేక రాముణ్ణి తిట్టాడు, దాన్ని దూషణ అని ఎవరూ అనరు. పక్కనే తిరుపతిలో గంగమ్మ జాతరకు బండ వేషం కట్టినవాళ్ళు బండబూతులు తిడతారు. అమ్మవారు ఏమీ అనుకోదని నమ్మకం. అదే బూతు బస్సులో ఒక ఆడపిల్లను అంటే అది వేరే సంగతి. మాట ఒకటే అయినా ఎవరు, ఎవరిని, ఎక్కడ, ఎందుకు అన్నారనే దాన్నిబట్టి దాని పేరు మారుతుంది. ‘దుర్భాషలాడారు’ అన్న ఒక్క మాట వీటన్నిటినీ ఒకే మూటలో కట్టేస్తోంది.

చట్టం మాత్రం ఇలా మూట కట్టదు. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహిత ప్రకారం బహిరంగంగా బూతులాడి ఇతరులను ఇబ్బంది పెడితే సెక్షన్ 296, 3 నెలల వరకు జైలు. గొడవ రేగేలా కావాలని అవమానిస్తే 352, రెండేళ్ళ వరకు. స్త్రీ మర్యాదను కించపరచాలని అన్న మాటకు 79, మూడేళ్ళ వరకు. ఎస్సీ, ఎస్టీ కానివాడు ఆ వర్గాల మనిషిని పదిమంది ఎదుట కులం పేరుతో తిడితే 1989 నాటి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద 6 నెలలకు తగ్గకుండా ఐదేళ్ళ వరకు. ఆ కేసును డీఎస్పీ స్థాయి అధికారి దర్యాప్తు చేయాలి. నలుగురూ చూసే చోట అన్నాడా లేదా అన్నది కూడా ముఖ్యమే. బయటివాళ్ళెవరూ లేకుండా ఇంట్లో నాలుగు గోడల మధ్య అన్న మాటకు ఈ చట్టం వర్తించదని 2020లో ఉత్తరాఖండ్ నుంచి వచ్చిన కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. 2024 మార్చిలో ఒక వెబ్ సిరీస్ కేసులో అదే కోర్టు, మోటుగా తిట్టినంత మాత్రాన అది అశ్లీలం అయిపోదని తేల్చింది. కోర్టులు ఇంత వివరంగా విడదీసి చూస్తుంటే, అందరికంటే ముందు జనానికి చెప్పే పత్రిక అన్నిటినీ కలిపి రాయడం సబబు కాదు.

ఈ తప్పు పత్రికలది మాత్రమే కాదు. మా అర్జీల భాషలో ‘నానా దుర్భాషలాడి, కొట్టి, చంపుతానని బెదిరించి’ అనే వరస ఒకటి ఉంది. పని నేర్చుకున్న రోజుల్లో నేనూ అదే రాసేవాణ్ణి. ఒకసారి ఒక కూలి మనిషికి అలాగే రాసి ఇచ్చాను. కులం పేరుతో అన్న మాట అతను నాకు స్పష్టంగా చెప్పాడు, నేనే మర్యాదగా ఉంటుందని దుర్భాష అని మార్చాను. తర్వాత అతని లాయరు “మొదటి కాగితంలో కులం మాటే లేదు, ఇప్పుడు కొత్తగా చెప్తే ఎవరు నమ్ముతారు?” అని నన్ను అడిగాడు. ఆ కేసు నిలబడలేదు. ఆ రోజు నుంచి విన్నది విన్నట్టే రాస్తున్నాను. చెయ్యి వణికినా రాస్తున్నాను.

పచ్చి బూతును అచ్చు వేయమని నేను అడగడం లేదు. మొదటి అక్షరం వేసి చుక్కలు పెట్టడం కూడా వద్దు, ఇంట్లో పిల్లలు ఆ చుక్కలను పూరించుకుంటారు. ఆ మాట ఏ రకందో చెప్తే చాలు. ‘కులం పేరుతో దూషించాడని ఫిర్యాదు’, ‘తల్లిని బూతులు తిట్టాడు’, ‘చంపుతానని బెదిరించాడు’ అంటే పాఠకుడికి జరిగింది అర్థమవుతుంది. ఒక్కరే తిట్టినప్పుడు ‘పరస్పరం’ అన్న మాట దయచేసి వాడకండి. ఎవరు తిట్టారో తేలకపోతే ‘తిట్టారని ఆమె ఆరోపించింది, అవతలివారు కాదంటున్నారు’ అని రాయవచ్చు. దానికి రెండు లైన్లు ఎక్కువ పడతాయి, అంతే.

ఇంకొక సంగతి. కోపంగా మాట్లాడిన ప్రతి నాయకుడి వార్తకూ ‘సీమ స్టైల్లో’ అని శీర్షిక పెడుతున్నారు. మా యాస తిట్ల యాస కాదు. ‘రా’, ‘రే’ అని పిలుచుకోవడం మాకు చనువు. మాది కోపాల భాష అనుకునేవాళ్ళు మా ఊళ్ళలో నాలుగు రోజులుండి, అన్నాదమ్ములు, అవ్వామనవళ్ళు ఎట్లా మాట్లాడుకుంటారో వింటే తెలుస్తుంది. అలాగే ‘చండాలంగా ఉంది’, ‘కుంటి సాకులు’ లాంటివి పత్రికల్లోనే పడుతుంటాయి. మొదటిది ఒక కులం పేరు, రెండోది నడవలేని మనిషి పేరు. వికలాంగుణ్ణి నలుగురిలో కావాలని అవమానిస్తే 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం అదీ నేరమే, శిక్షా 6 నెలల నుంచి ఐదేళ్ళు. వార్త రాసేవాళ్ళకు అలాంటి ఉద్దేశం లేదని నాకు తెలుసు. అయినా ఆ మాటలు లేకుండా కూడా ఆ వార్తలు రాయవచ్చు.

ఆ పెద్దామె తరఫున ఆ వార్త వేసిన పత్రికకు కూడా ఒక కాగితం రాశాను. ‘పరస్పరం’ అన్నది పొరపాటని ఒక్క లైను వేయమని అడిగాను. ఇంకా వేయలేదు. ఆమె ప్రతి సోమవారం వచ్చి “పడిందా నాయనా?” అని అడిగి పోతోంది.

ఇట్లు,
అర్జీలు రాసే ఒక పాఠకుడు,
కడప