పాంగ్‌బోచే నుంచి అమ్మకి

అమ్మా,

పని బాగానే సాగుతోంది. చిక్కిపోయానని ఎవరన్నారు నీకు? వేళకి తింటున్నాను.

నేపాల్‌లో ఎవరెస్ట్‌కి వెళ్లే దారిలోని ఈ ఊరు దాదాపు 3,950 మీటర్ల ఎత్తులో ఉంది. నీళ్లు 87 డిగ్రీల దగ్గరే మరుగుతాయి, గిన్నెలో వేసిన పప్పు ఎంతసేపటికీ పలుకుగానే ఉంటుంది. అన్నానికైనా పప్పుకైనా కుక్కరే దిక్కు. అసలు తిండి బంగాళదుంప. పచ్చి దుంప తురిమి, పిండి కలిపి, పెనం మీద అట్టులా మందంగా పరిచి కాలుస్తారు. రికికుర్ అంటారు. పైన వెన్న, కారం. ఇక్కడి జడలబర్రెల్లో యాక్ అంటే మగది, పాలిచ్చేది నాక్. కాబట్టి ఆ వెన్న నాక్‌ది. పొయ్యిలోకి పిడకలే, మన పెరటి గోడకి కొట్టినట్టే రాతిగోడలకి కొట్టి ఎండబెడతారు. సరిగా ఎండకపోతే ఇల్లంతా పొగ.

నాన్న వస్తానంటున్నారటగా. రమ్మను, కానీ తొందరపడితే కుదరదు, ఎత్తుకి ఒళ్లు అలవాటు పడాలి. లుక్లాలో విమానం దిగాక మొదటి రాత్రి ఫాక్‌డింగ్‌లో పడుకోవాలి, అది లుక్లా కంటే కిందే. నామ్చే 3,440 మీటర్లు, అక్కడ రెండు రాత్రులకి తగ్గకుండా ఉండాలి. 3,000 దాటాక పడుకునే చోటు రోజుకి 500 మీటర్లకి మించి పెరగకూడదు. తలనొప్పి వస్తే ఆ రోజు పైకి కదలొద్దు. తూలినా, కూర్చున్నా ఆయాసం తగ్గకపోయినా రాత్రనక వెంటనే కిందికి దిగాలి, తెల్లారేదాకా ఆగితే ప్రాణం మీదకొస్తుంది. ఎత్తు జబ్బు రాకుండా వేసుకునే డయామాక్స్ మాత్ర తన బీపీ మాత్రలతో పడుతుందో లేదో మన డాక్టరు గారిని ముందే అడగమను.

దారిలో యాక్‌లు ఎదురైతే కొండ వైపు ఒదిగి నిలబడాలి. లోయ వైపుంటే వాటి మీది మూట తగిలి పడిపోతారు. మంత్రాలు చెక్కిన రాతిగోడలు వస్తాయి, కుడిచేతి వైపు ఉంచుకుని నడవాలి. మన ప్రదక్షిణే అనుకోమను.

ఊళ్లోని గోంపా, అంటే బౌద్ధుల మఠం, చిన్నదే. ఖుంబూలో, అంటే ఈ ఎవరెస్ట్ ప్రాంతంలో, ఇదే అన్నిటికన్నా పాతదంటారు. లామా (బౌద్ధ గురువు) సంగ్వా దోర్జే తన జుట్టు కత్తిరించి విసిరితే చుట్టూ ఉన్న జునిపర్ చెట్లు మొలిచాయని ఊరి నమ్మకం. అందుకే వాటి కొమ్మ విరవరు. తమ్ముడు అడిగిన, గోంపాలో ఉండే యెతి (మంచుమనిషి) చెయ్యిని 1990ల్లో దొంగలెత్తుకుపోయారు, ఇప్పుడున్నది నకలు. అంతకుముందే లండన్ చేరిన దాని వేలు ఒకదాన్ని 2011లో పరీక్షిస్తే మనిషిదేనని తేలింది. వాడికి చెప్పు.

నాన్న సంచిలో ఊలు మేజోళ్లు మూడు జతలు పెట్టు. ఉతికి ఎండలో వేసినా ఇక్కడ ఒక్కరోజులో ఆరవు.

నీ
చిన్ని