వంతెన అడుగున ఏముందో చూడండి: రోడ్లు, భవనాల శాఖ మంత్రికి బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్ రోడ్లు, భవనాల శాఖ మంత్రి గారికి నమస్కారాలు.

2021 నవంబరు వరదల్లో కమలాపురం దగ్గర పాపాగ్ని వంతెన కూలింది. అదే వరదల్లో నెల్లూరు పక్కన పడుగుపాడు దగ్గర 16వ నంబరు జాతీయ రహదారి తెగింది. 2024 సెప్టెంబరులో గరికపాడు దగ్గర పాలేరు వంతెన అప్రోచ్ (వంతెనను కలిపే రోడ్డు కట్ట) కొట్టుకుపోయి హైదరాబాద్–విజయవాడ రాకపోకలు నిలిచాయి. మూడుచోట్లా దెబ్బకొట్టింది లారీల బరువు కాదు, నీళ్లు. మన తనిఖీలు మాత్రం చాలాచోట్ల రెయిలింగు, జాయింట్లు, తారు దగ్గరే ఆగిపోతున్నాయి. పునాది దగ్గరికి దిగేవాళ్లు తక్కువ.

ఒక లెక్క చూడండి. వంతెన కింద మీటరు వెడల్పుకు సెకనుకు 12 ఘనమీటర్ల నీరు, అడుగున మధ్యరకం ఇసుక అనుకుందాం. ఐఆర్‌సీ (ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్) సూత్రం ప్రకారం పియరు (వంతెన స్తంభం) దగ్గర కోత, అంటే నీటి వేగానికి అడుగు ఇసుక కొట్టుకుపోవడం, గరిష్ఠ వరదమట్టానికి సుమారు 13 మీటర్ల కిందికి పోతుంది. కోతకు కింద పునాది నేలలో దిగి ఉండే పట్టు కోసం అందులో మూడోవంతు కలిపి, పునాదిని అదే మట్టానికి 17.4 మీటర్ల కిందిదాకా దించుతారు. ఇప్పుడు అయిదు ఖానాల్లో (పియర్ల మధ్య నీరు పోయే దారుల్లో) ఒకటి గుర్రపుడెక్క, చెట్ల మొద్దులతో మూసుకుపోయిందనుకోండి. అదే నీరు నాలుగింటిలోంచి పోవాలి కాబట్టి మీటరుకు 15 ఘనమీటర్లవుతుంది, కోత 15 మీటర్లు దాటుతుంది. పునాదికి మిగిలే పట్టు సగమే. వరద పెరగలేదు, చెత్త తీయలేదు, అంతే!

ఈ కోత వేసవిలో కనబడదు. వరద తగ్గుతుంటే గుంతలోకి మళ్లీ ఇసుక మేటవేస్తుంది, పైకి అంతా చదునుగా ఉంటుంది. ఆ ఇసుక వదులు, ఇనుప చువ్వ గుచ్చితే సులువుగా దిగుతుంది, దాన్ని పట్టుగా లెక్కేయకూడదు. అందుకే వరద ఇంకా పారుతుండగానే, వంతెన మీద నిలబడటం క్షేమమైన చోట, రెయిలింగు నుంచి సీసపు గుండు కట్టిన తాడు దించి కొలవాలి. ప్రతి పియరుకూ ఎగువ ముక్కు దగ్గర, రెండు పక్కలా, దిగువన కొలిచి పాత కొలతల పక్కన రాయాలి. దీనికి కన్సల్టెన్సీ అక్కర్లేదు, ఏఈ (అసిస్టెంట్ ఇంజనీరు) గారు, ఇద్దరు మనుషులు, ఒక తాడు చాలు.

అప్రోచ్ పోయే తీరు వేరు. నీళ్లు రోడ్డు మీదుగా పొర్లితే ముందు కోతపడేది దిగువవైపు వాలు. తారు కింద మట్టి జారిపోయినా పైన రోడ్డు కాసేపు నిలిచే ఉంటుంది, ప్రాణాలు పోయేది ఆ కాసేపట్లోనే. రిటర్న్ గోడ (వంతెన చివర మట్టిని ఆపే పక్కగోడ) వెనక కుంగుడు, రాతి రివెట్‌మెంటులో (కట్ట వాలుకు పరిచిన రాతి తొడుగులో) ఊడిన రాళ్లు, మూసుకుపోయిన నీటి రంధ్రాలు ముందే కనిపించే గుర్తులు.

అన్ని వంతెనలనూ ఒకేసారి కొలవలేరు, నిజమే. పునాది డ్రాయింగు దొరకనివి, దగ్గర్లో ఇసుక తవ్వుతున్నవి, చెరువులకో మట్టికట్ట ప్రాజెక్టులకో దిగువన ఉన్నవి ముందు తీసుకోండి. చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట 2021లో తెగినప్పుడు కిందికి వచ్చిన నీళ్లు వానల లెక్కలో దొరికేవి కావు. వీటిలోనూ ఏ వంతెన పోతే అంబులెన్సు ఎన్ని కిలోమీటర్లు చుట్టు తిరగాలో చూసి వరస మార్చండి. కల్వర్టులను వదలొద్దు, చిన్న తూము పూడినా రోడ్డు కట్ట తెగుతుంది.

వాల్టా (నీరు, భూమి, చెట్ల పరిరక్షణ చట్టం) నిబంధనల ప్రకారం వంతెనకు 500 మీటర్ల లోపల ఇసుక తవ్వకూడదు. ఆ హద్దు రాళ్లు నాటించి, ఏటి అడుగు మట్టం ఏటా వానలకు ముందూ తర్వాతా తీయించండి.

చివరగా ఒక ఉత్తర్వు కావాలి. ప్రతి వంతెన పియరు మీదా ఎర్ర గీత గీయించండి. నీరు దాన్ని తాకితే పైవాళ్ల ఫోను కోసం చూడకుండా రోడ్డు మూసే అధికారం అక్కడున్న ఏఈకి, ఎస్ఐకి రాతపూర్వకంగా ఇవ్వండి. తర్వాత వాన వెలిసి ఎండకాసినా నష్టం లేదు, అనవసరంగా మూశారని వాళ్లకు మెమో ఇవ్వకుండా ఆ ఉత్తర్వులోనే రాయించండి.

ఇట్లు,
వంతెనల నిర్మాణం, తనిఖీ పనుల్లో ఉన్న కొందరు ఇంజనీర్లు