అమ్మా, ఆ పూలు ఇక్కడి నుంచి రాలేదు

అమ్మా,

నేను బాగున్నాను. నాన్న మోకాలి నొప్పి తగ్గిందన్నావు, ఆ మాట విన్నాక మనసు కుదుటపడింది. రోజూ ఫోన్‌లో మాట్లాడుకుంటూనే ఉన్నా, ఒక్క సంగతి మాత్రం నీకు ఫోన్‌లో చెప్పలేకపోయాను. అందుకే ఈ ఉత్తరం.

నీ రిటైర్‌మెంట్ రోజు సాయంత్రం నువ్వు ఒక మాట అడిగావు, గుర్తుందా? "అంత దూరం నుంచి పూలు వాడిపోకుండా ఎలా పంపావే?" అని. "అదంతా ఆన్‌లైన్‌లో అయిపోతుందిలే అమ్మా" అని దాటేశాను. నీ గొంతులో అంత సంబరం వినపడుతుంటే నిజం చెప్పబుద్ధి కాలేదు.

నిజం ఏమిటంటే ఆ పూలు ఇక్కడి నుంచి రాలేదు. ఇక్కడి నుంచి బయల్దేరింది నేను టైప్ చేసిన నాలుగు మాటలు, కార్డు మీద కట్టిన డబ్బు, అంతే. పూలు మన ఊళ్లోనే ఎవరో కట్టి తెచ్చారు. పైగా నేను ఎంచుకున్నది ఆ బుట్ట కాదమ్మా. నీకు ముదురు రంగులు నచ్చవని గంటసేపు వెతికి, తెల్ల లిల్లీలు, వాటి మధ్య లేత ఊదారంగు లిసియాంథస్ పూలు ఉన్న గుత్తిని ఎంచుకున్నాను. నాన్న పంపిన ఫోటోలో చూస్తే నారింజ రంగు జెర్బెరాలు, వాటి చుట్టూ మెరుపు కాగితం, పైన ఎర్ర రిబ్బను. కార్డు మీద నేను తెలుగులో రాసిన మాటలు ఉండాల్సిన చోట వరసగా ఖాళీ గళ్లు. వాళ్ల ప్రింటరుకు తెలుగు రాదు కాబోలు. పన్నెండు గంటలకు తెచ్చి, ఇంటికి తాళం ఉండటం చూసి గుమ్మం దగ్గర పెట్టి వెళ్లిపోయారట. స్కూల్లో సన్మానం ముగించుకుని నువ్వు ఐదింటికి వచ్చేదాకా ఎండలోనే ఉన్నాయి. మర్నాటికల్లా మెడలు వాల్చేశాయని నువ్వు చెప్పలేదు. నాన్న నోరుజారారు.

అన్నేళ్లు పిల్లలకు చదువు చెప్పి నువ్వు ఇంటికి వస్తున్న రోజు పక్కన లేకపోయాను. నా బదులు పూలైనా బాగుండాలనుకున్నాను. అదీ కాలేదని తెలిశాక చాలా బాధపడ్డాను.

ఇక్కడ నేను ఆఫీసుకు వెళ్లే దారిలో ఒక పూల షాపుంది. నడిపే ఆవిడకు అరవై దాటి ఉంటాయి. ఒకరోజు లోపలికి వెళ్లి ఫోటో చూపించి, ఇది ఎవరి తప్పో చెప్పమన్నాను. ఆవిడ కాసేపు చూసి, "కట్టినవాళ్ల చేతికి చివరికి ఎంత డబ్బు చేరిందో ముందు అది తెలుసుకో" అన్నారు. ఆ మాట నాకు అప్పుడు అర్థం కాలేదు. ఇప్పుడు శనివారాలు పొద్దున రెండు గంటలు ఆవిడ పక్కన నిలబడి గులాబీల ముళ్లు తీస్తూ, కింది ఆకులు దులుపుతూ నేర్చుకుంటున్నాను కాబట్టి అర్థమైంది. నీకూ చెప్తాను.

దూరంగా ఉన్నవాళ్లకు పూలు పంపాలనే కోరిక పాతదే. ఆ రోజుల్లో పువ్వు ఎక్కువ దూరం వెళ్లలేకపోయినా మాట వెళ్లేది కదా. 1910లో అమెరికాలో కొందరు పూల వ్యాపారులు కలిసి సరిగ్గా ఆ పనే మొదలుపెట్టారు. ఒక ఊళ్లో షాపుకు వచ్చినవాళ్లు డబ్బు కట్టి కోరింది చెప్తే, ఆ షాపువాళ్లు ఇంకో ఊరి షాపుకు టెలిగ్రామ్ ఇచ్చేవారు. అక్కడివాళ్లు తమ దగ్గరున్న తాజా పూలతో గుత్తి కట్టి ఇంటికి చేర్చేవారు. ఆ సంఘం పేరులోనే టెలిగ్రాఫ్ అనే మాట ఉండేది. కాళ్లకు రెక్కలున్న మెర్క్యురీ వాళ్ల గుర్తు. రోమన్ల కథల్లో దేవతల కబుర్లు మోసేది ఆయనే. నాకు ఈ సంగతి భలే నచ్చింది. రెండు ఊళ్లలో ఇద్దరు మనుషులు, ఒకరి ముఖం ఒకరు చూసి ఉండరు, అయినా ఒకరి మాట మీద ఇంకొకరు పూలు కట్టేవారు.

ఆ పద్ధతి ఇప్పటికీ ఉంది. ఆర్డరు తీసుకున్న షాపు కొంత వాటా ఉంచుకుంటుంది, సంఘం కొంత తీసుకుంటుంది, మిగిలినది కట్టే షాపుకు వెళ్తుంది. అందులో తప్పేం లేదు, ఎవరి పనికి వాళ్లకు డబ్బు రావాలి కదా. అయితే ఇప్పుడు మధ్యలో వేరేవాళ్లు కూడా వచ్చారు. వాళ్లకు షాపు ఉండదు, పూల బకెట్టు కూడా ఉండదు. మంచి ఫోటోలు పెట్టి, ఆ ఊళ్లోనే ఉన్నట్టు పేరు పెట్టుకుని, ఆర్డర్లు పట్టి, తమ వాటా పెద్దగా మినహాయించుకుని, మిగిలినది ఎవరు ఒప్పుకుంటే వాళ్లకు తోస్తారు. నేను పడింది అలాంటి చోటే. మన ఊళ్లో ఆ బుట్ట కట్టిన మనిషికి చేరిన కాస్త డబ్బులో లిల్లీలు ఎలా వస్తాయి? అతనికి నేను ఎంచుకున్న ఫోటో కూడా చూపించారో లేదో. ముందు అతని మీదే కోపం వచ్చింది నాకు. ఇప్పుడు లేదు.

ఇంకో విషయం, ఫోటోలో ఉన్న పూలు ఆ రోజు ఆ షాపులో ఉండాలని లేదు. పూల షాపు బట్టల షాపు లాంటిది కాదు, ఏ రోజు సరుకు ఆ రోజుదే. ఈవిడ షాపులో గులాబీలు ఎక్కడివని అడిగితే కెన్యా అన్నారు, నైవాషా సరస్సు చుట్టుపక్కల తోటల్లోవి. ఒక్కోసారి ఈక్వడార్ నుంచి వస్తాయి. కొండల మీద చల్లటి చోట పెరుగుతాయి కాబట్టి వాటి మొగ్గలు పెద్దవి, కాడలు పొడుగు. నెదర్లాండ్స్‌లో ఆల్స్‌మీర్ అనే చోట పూల వేలం ఉందట. మామూలు వేలంలో ధర పెరుగుతూ పోతుంది కదా, అక్కడ గడియారం ముల్లులా పైనుంచి కిందికి దిగుతుంది. ముందు ఎవరు బటన్ నొక్కితే సరుకు వాళ్లది. క్షణం ఆలోచిస్తే ఇంకొకరు పట్టుకుపోతారు. ఇంత ప్రయాణం చేసి కూడా ఆ గులాబీలు తాజాగా ఉంటున్నాయంటే కోసిన గంట నుంచి చలిగదిలో, చలి లారీలో ఉంచబట్టే. అంటే పువ్వు ఎంత దూరం వచ్చిందన్నదాని కంటే, దారిలో ఎంతసేపు వేడి తగిలింది, ఎంతసేపు నీళ్లు లేకుండా ఉంది అన్నదే ముఖ్యం. మన జెర్బెరాలు మన ఊళ్లోనే కట్టినవి, అయినా ఐదు గంటలు గుమ్మం దగ్గర ఎండలో ఉండి పోయాయి.

పాపం, వాటి కాళ్ల కింద ఉన్నది కూడా కాడలు గుచ్చే ఆ ఆకుపచ్చ స్పాంజే. ఆ స్పాంజి ముక్కను పూలకుండీలో పాతిపెట్టావని, నీళ్లు పట్టి ఉంచుతుందని నువ్వు అన్నప్పుడు నాకు తెలియక ఊరుకున్నాను. దయచేసి తీసెయ్యమ్మా. అది ప్లాస్టిక్. 1954లో అమెరికాలో వెర్నన్ స్మిదర్స్ అనే ఆయన కనిపెట్టింది. పువ్వులు నిలబెట్టడానికి తేలిక కాబట్టి ప్రపంచమంతా వాడారు. మట్టిలో కలవదు, చేత్తో నలిపితే సన్నటి పొడి అయ్యి మట్టిలోనే ఉండిపోతుంది. ఒకసారి పూర్తిగా ఎండిందంటే మళ్లీ నీళ్లు కూడా సరిగ్గా పీల్చదు. అందుకే ఆ పూలు అంత తొందరగా పోయాయి. ఈవిడ ఆ స్పాంజి వాడటం మానేశారు, కోళ్ల గూటికి వేసే లాంటి సన్నటి తీగ వలను చుట్టచుట్టి జాడీలో పెట్టి అందులో కాడలు గుచ్చుతారు.

ఇదంతా తెలిశాక మీ పెళ్లిరోజుకు వేరేలా చేశాను. వెబ్‌సైట్ల జోలికి పోలేదు. మ్యాపులో మన ఊరి పూల షాపులు వెతికి, వీధిలో నిజంగా షాపు ముఖం, బోర్డు కనపడేవాటికే ఫోన్ చేశాను. మొదటి ఇద్దరు ఏది అడిగినా "ఉందండీ, ఉందండీ" అన్నారు. మూడో అతను మాత్రం, "లిసియాంథస్ ఇవాళ లేవండీ. శుక్రవారం లోడు వస్తే చెప్తాను, రాకపోతే మాట ఇవ్వలేను. లిల్లీలు మంచి మొగ్గలున్నాయి" అన్నాడు. లేదని చెప్పిన మనిషి మీద నాకు నమ్మకం కలిగింది. "అన్నా, నాకు ఫలానా పువ్వే కావాలని లేదు. మా అమ్మకు లేత రంగులు ఇష్టం. నీ దగ్గర ఆ రోజు ఏవి బాగుంటే అవి నువ్వే చూసి కట్టు. డబ్బు మాత్రం ఇంత, దాన్ని దాటొద్దు" అన్నాను. పట్టికలోంచి నంబరు చెప్పి ఆర్డరిస్తే అది చేసి పెడతారు. నువ్వే చూసి కట్టు అంటే ఆ పని వాళ్ల చేతిదవుతుంది. ఈ మాట నాకు శనివారాల్లోనే తెలిసింది. అలా చెప్పి వెళ్లినవాళ్ల గుత్తికి ఈవిడ ఎప్పుడూ రెండు కాడలు ఎక్కువే పెడతారు.

తర్వాత అతనే అడగడం మొదలుపెట్టాడు. ఇంట్లో ఏ టైముకు ఉంటారు, తాళం ఉంటే పక్కింట్లో ఎవరికివ్వాలి, ఏ అంతస్తు, లిఫ్టు ఉందా, మత్తుగా వాసన వచ్చే పూలైతే ఎవరికైనా తలనొప్పి వస్తుందా, ఇంట్లో జాడీ ఉందా లేకపోతే తనే తేవాలా అని. ఒక్కో ప్రశ్నకు జవాబు చెప్తుంటే నాకు కళ్లు చెమర్చాయి. మొదటిసారి ఆర్డరిచ్చినప్పుడు ఇవేవీ అడిగినవాళ్లు లేరు. డబ్బు అన్నయ్య చేత కట్టించాను. కార్డు గురించి భయపడుతూ అడిగితే, "మీరు చెప్పండి అక్కా, నేనే రాస్తాను" అన్నాడు. ఒక్కో మాట చెప్పాను. వాక్యం అయ్యాక తిరిగి చదివి వినిపించాడు.

మొన్న నాన్న పంపిన ఫోటోలో ఆ కార్డునే చాలాసేపు చూసుకున్నాను. అక్షరాలు కాస్త పక్కకు వాలాయి, 'అమ్మా నాన్నలకు' దగ్గర వత్తు మర్చిపోయి తర్వాత కలిపినట్టున్నాడు. నా మాటలు మన అక్షరాల్లో మన గుమ్మంలోకి వచ్చాయి.

ఇప్పుడు నీ దగ్గరున్న పూల సంగతి. జాడీలో నీళ్లు రెండు రోజులకోసారి పూర్తిగా మార్చు, ఉన్నవాటిలో పోయకు. మార్చిన ప్రతిసారీ కాడ చివర ఒక అంగుళం ఏటవాలుగా కొయ్యి. కోసిన చోట గాలి బుడగ పట్టినా, నీళ్లలో బాక్టీరియా పెరిగి అడ్డుపడినా పువ్వుకు నీళ్లు అందవు. నీళ్లలో మునిగే ఆకులు ఒక్కటి కూడా ఉంచకు, అవి కుళ్లితే నీళ్లు పాడవుతాయి. చక్కెర వేస్తే మంచిదని పక్కింటి అత్త చెప్పిందన్నావు. చక్కెర ఒక్కటే వేస్తే పువ్వు కంటే బాక్టీరియాయే ముందు తింటుంది. అతను ఇచ్చిన చిన్న పొట్లం ఉంది చూడు, అందులో చక్కెరతో పాటు నీళ్లను కాస్త పుల్లగా ఉంచేదీ, బాక్టీరియాను ఆపేదీ కలిపి ఉంటాయి. అదే వాడు.

పండ్ల బుట్ట పక్కన మాత్రం పెట్టకు. పండే పండు నుంచి ఇథిలీన్ అనే గ్యాస్ వస్తుంది, దానికి పూలు తొందరగా ముసలివైపోతాయి. ముఖ్యంగా కార్నేషన్లు అస్సలు తట్టుకోవు. గులాబీల బయటి రేకులు కమిలినట్టు కనిపించి అవి పాతవని అనుకున్నావట. కావు. లోపలి రేకులకు దెబ్బ తగలకుండా వాటిని కావాలనే ఉంచుతారు, మెల్లగా లాగేస్తే లోపల చక్కటి పువ్వు ఉంటుంది. గులాబీ తాజాదో కాదో రేకుల చివర్లు చూసి చెప్పలేం. పువ్వు మొదట్లో రెండు వేళ్లతో మెత్తగా నొక్కి చూడు, గట్టిగా ఉంటే ఇంకా రోజులున్నట్టే.

లిల్లీలు విచ్చుకోగానే మధ్యలో ఉండే గోధుమరంగు పుప్పొడి తిత్తులు తీసెయ్యి. చీరకు అంటితే తడిగుడ్డతో రుద్దకు, ఇంకా పాకుతుంది. టేపు ముక్క అంటించి లాగితే వస్తుంది. పక్కింటి పిల్లి వరండాలోకి వస్తుంటుంది కదా, లిల్లీలు దానికి అందని చోట పెట్టు. పిల్లులకు లిల్లీ ప్రాణాంతకం, ఆ పుప్పొడి నాకినా, జాడీ నీళ్లు తాగినా కిడ్నీలు పోతాయి. ఈ ఒక్కటీ మర్చిపోవద్దు.

పెద్దమ్మ ఆపరేషన్ అయ్యాక పూలు పంపుదామని అన్నయ్య అంటున్నాడు. ఐసీయూలో ఉండగా వద్దని చెప్పు, చాలా ఆసుపత్రుల్లో అక్కడికి పూలు రానివ్వరు. ఇంటికి వచ్చాక పంపుదాం. ఆ అబ్బాయి నంబరు అన్నయ్య దగ్గరుంది, ముందు రోజే ఫోన్ చేస్తే చాలు.

ఫోటోలో లెక్కపెట్టాను, పొడుగు కాడకు కింద రెండు లిల్లీలు విచ్చాయి, పైన మూడు మొగ్గలున్నాయి. వాటిలో కింది మొగ్గకు రంగు తిరిగింది, రేపో ఎల్లుండో విచ్చుతుంది. విచ్చిన పొద్దున ఒక ఫోటో పంపించు, నాకు ఇక్కడ అర్ధరాత్రి అయినా పర్వాలేదు.

నాన్నకు నమస్కారాలు.

నీ
చిన్నమ్మాయి